పల్లీల డబ్బా ఒకసారి తెరిచి చూద్దాం

పులిహోర ప్రసాదానికి మనం ఇచ్చే పల్లీలు చాలావరకు సెలవులకు వెళ్లినప్పుడు ఊరి నుంచి తెచ్చుకున్నవే. జెద్దా సముద్రపు ఉక్కలో అవి నెలల తరబడి అరలో ఉంటే బూజు పట్టే వీలుంది.

ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. కారణం వెతికితే దాణాలోని వేరుశెనగ పిండిలో ఈ విషం బయటపడింది. మనుషుల్లో ఇది కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుంది.

వేయిస్తే పోతుందనుకుంటాం. బూజు చస్తుంది కానీ విషం పూర్తిగా పోదు. పసుపు కలిపినా విరగదు. డబ్బాలో వేపాకు వేస్తే పురుగు తగ్గుతుందేమో గానీ, ఈ విషానికి అది మందు కాదు.

అసలు బెడద పొలంలోనే మొదలు. కాయ ఊరే రోజుల్లో బెట్ట వస్తే (అనంతపురం రైతులకు ఇది కొత్త కాదు) బూజు కాయలోకి చేరుతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ బెట్టను తట్టుకునే రకాలపైనా, అఫ్లాటాక్సిన్‌ను చవకగా కనిపెట్టే పరీక్షలపైనా ఏళ్లుగా పనిచేస్తోంది.

ప్రసాదానికి పల్లీలు ఇచ్చేవారు ముడతపడినవి, రంగు మారినవి, పగిలినవి ఏరేయండి. మిగతావి గాలి చొరని డబ్బాలో, ఫ్రిజ్‌లో ఉంచండి. డబ్బా తెరవగానే బూజు వాసన వస్తే ఏరడం వద్దు, అమ్మ పంపినవైనా మొత్తం పారేయండి.