మట్టిలో గడ్డి – నైలాన్‌లో మట్టి

గోడ మెత్తే మట్టిలో వరిగడ్డి ఎందుకు కలుపుతారు? మా అమ్మని అడిగితే, "గడ్డి లేకుంటే గోడ బీటలిస్తది మ్మే" అనింది. నిజమే. మట్టి బరువు మోస్తుంది గాని ఎండితే పగులుతుంది. గడ్డి ఆ పగులు పెరగకుండా పట్టుకుంటుంది. ఇలా రెండు పదార్థాలు కలిసి, ఒక్కదానికే లేని గుణం వస్తే దాన్ని కాంపోజిట్ అంటారు. మన రేవులో ఉండే ఫైబర్ పడవ కూడా అంతే. గాజు పోగులు, రెసిన్ అనే జిగురు కలిపి చేస్తారు.

కలిపే ముక్కల మందం 100 నానోమీటర్ల లోపు ఉంటే అది నానో కాంపోజిట్. నానోమీటరు అంటే మిల్లీమీటరులో 10 లక్షలవ వంతు. మన వెంట్రుక మందమే సుమారు 80 వేల నానోమీటర్లు!

అంత చిన్న ముక్కలతో లాభమేమి? లెక్క చేద్దాం. 1 సెం.మీ. ఘనం ఉపరితలం 6 చ.సెం.మీ. దాన్ని 1 మి.మీ. ఘనాలుగా కోస్తే 1,000 ముక్కలు వస్తాయి. వాటి మొత్తం ఉపరితలం 60 చ.సెం.మీ. పదార్థం అంతే, అంటుకునే చోటు మాత్రం 10 రెట్లు. అందుకే కొంచెం కలిపినా చాలు.

జపాన్‌లో టయోటా కంపెనీ వాళ్ళు 1980ల చివర్లో నైలాన్‌లో ఒక రకం బంకమట్టి కలిపారు. మన వలల్లో ఉండేదీ నైలానే. ఆ మట్టి రేకులు ఒక్కోటి 1 నానోమీటరు మందం. కలిపింది నూటికి 5 పాళ్ళ లోపే. బరువు పెడితే సుమారు 65 డిగ్రీలకే వంగే నైలాన్ 140 డిగ్రీలు దాటేదాకా వంగలేదు. తర్వాత దాంతో కారు ఇంజన్ బెల్టుకు మూత చేశారు.

మామిడికాయ చెక్కు తీసే ఆల్చిప్ప చూడండి. లోపల మెరిసే పొరలో నూటికి 95 పాళ్ళు సున్నపు పదార్థమే. అయినా తొందరగా పగలదు. సన్నటి పలకల మధ్య కొన్ని పదుల నానోమీటర్ల ప్రోటీన్ పొర జిగురులాగా ఉంటుంది.

కానీ ముక్కలు అంతటా సమానంగా కలవాలి. ఒకచోట ఉండ కడితే అక్కడే విరుగుతుంది. పోయిన సెలవుల్లో మట్టి తొక్కుతా తొక్కుతా "చాల్లే అమ్మా" అని నేను మధ్యలో లేచిపోయాను. గడ్డి ఒకచోట ఉండగా మిగిలింది. గోడ సరిగ్గా అక్కడే పగిలింది. ఎందుకో నాకు ఇప్పుడు తెలిసింది. అమ్మకి అప్పుడే తెలుసు.

మీరూ రెండు మట్టి బిళ్ళలు చేయండి, ఒకదాంట్లో గడ్డి కలపండి. ఎండినాక కింద వేసి చూడండి.

– 9వ తరగతి విద్యార్థిని