పెరటితోటలో సోయాచిక్కుడు

బెండ, గోరుచిక్కుడు, పాదుచిక్కుడు పెరుగని పెరడు మన పల్లెలలో అరుదు. సోయాచిక్కుడు మాత్రము అంగడి సరుకనియే పలువురి తలంపు. ఆదిలాబాదు, నిజామాబాదు ప్రాంతముల రైతులు దీనిని వానకాలపు పైరుగా పండించుచున్నారు. నూరు పాళ్ల గింజలో సుమారు 40 పాళ్లు మాంసకృత్తులును, 20 పాళ్లు నూనెయు గలవు. కందిపప్పులో మాంసకృత్తులు 22 పాళ్ల చొప్పుననే యుండును. పాలు, గ్రుడ్లు కొనలేని యిండ్లనుండి వచ్చు పిల్లలను దినదినము చూచుచుండు మాకు ఈ లెక్కయే యాశ గొలిపినది.

మొదటి యేట మే మోడిపోతిమి. ఏడాదిగా సీసాలో దాచిన గింజలను రెండు మళ్లలో విత్తగా, పదింట రెండైనను మొలవలేదు. సోయాగింజ చిరకాలము నిలువదు; వేడికిని చెమ్మకును దాని మొలకెత్తు శక్తి త్వరలో నశించును. కావున విత్తుటకు ముందు 20 గింజలను తడిగోనెలో చుట్టి నాలుగైదు దినములుంచి చూడవలెను. 14 మొలచెనా, విత్తనము మంచిదే.

మొలచిన కొద్ది మొక్కలును పసుపుబారి గిడసబారెను. ఐదవ వారమున విద్యార్థులొక మొక్కను మట్టితో పెల్లగించి వేళ్లు కడిగి చూచిరి. "మాష్టారండీ, వేరుసెనగ కుండే బొడిపెలు దీనికి లేవేమండీ?" అని యొక బాలిక యడిగెను. మేము చూడనే లేదు! ఆ బొడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్క కాహారముగా మార్చును. వేరుసెనగకు వలయునవి మన నేలలలో సహజముగనే యున్నవి. సోయాకు వలయు జాతి, సోయా యెన్నడును పండని నేలలో సాధారణముగా నుండదు.

మరుసటి యేట సోయాకని ప్రత్యేకించిన రైజోబియము పొడిని తెచ్చి, చల్లార్చిన పలుచని బెల్లపు నీటితో గింజలకు పట్టించి, నీడ నారబెట్టి, ఆనాడే విత్తితిమి. పెసరకు చేసిన పొడి దీనికి పనికిరాదు. ఈ మారు వేళ్ల నిండ బొడిపెలే. గోట చీల్చినచో లోపల ఎఱ్ఱగా నున్న బొడిపె పనిచేయుచున్నదని గుర్తు.

జూను నడుమనుండి జూలై నడుమ వఱకు, నేల బాగుగా తడిసిన పిమ్మట విత్తవలెను. చాళ్ల మధ్య మూరెడు, గింజల మధ్య మూడు వ్రేళ్లు, లోతు అంగుళము. మొలక తన పప్పుబద్దలను మెడ వంచి పైకి మోసికొని వచ్చును గాన, పైమన్ను పెట్టుకట్టినచో మెడ విఱుగును. నీరు నిలిచినచో గింజ కుళ్లును. ఉడుతల సంగతి చెప్పనే యక్కరలేదు.

పూతయందును కాయ నిండునపుడును వాన లేకున్న తడి పెట్టవలెను. నిండిన పచ్చికాయలను ఉప్పునీట నుడికించి యొలిచి తినవచ్చును. ఎండుగింజలకై ఆకులు రాలువఱకు ఆగవలెను. రకమునుబట్టి 90 నుండి 110 దినములు పట్టును. ఉడుకని గింజలో మాంసకృత్తుల జీర్ణమున కడ్డుపడు పదార్థ మొకటి కలదు. రాత్రి నానబెట్టి, ఆ నీరు పారబోసి, మెత్తగా నుడికించిన పిదపనే పిల్లలకు పెట్టవలెను.