పదిహేను గళ్ళు

ఏప్రిల్ చివర్లో ఒక ఆదివారం మా ఇంటికి ఓ తండ్రీ కూతురూ వచ్చారు. న్యూజెర్సీలో మా పక్క వీధిలోనే ఉంటారు. ఆయన నన్ను అక్కా అంటాడు, ఆ పిల్ల ఆంటీ అంటుంది. కాఫీ చల్లారక ముందే ఆ పిల్ల ల్యాప్‌టాప్ తెరిచి ఎక్సెల్ షీటు చూపించింది. అందులో తను చేసిన పనులవి ఇరవై రెండు వరసలున్నాయి. ఈ ఏడాది మెడికల్ కాలేజీలకి అప్లై చేస్తోంది.

"అక్కా, వీటిలో ఏ పదిహేను పెట్టాలో నువ్వే చెప్పాలి" అన్నాడాయన.

సంగతి తెలియనివాళ్ళ కోసం ఒక మాట. అమెరికాలో ఎండీ డిగ్రీ ఇచ్చే కాలేజీల్లో చాలావాటికి ఉమ్మడి దరఖాస్తు ఒకటుంది. దాన్ని ఆమ్‌కాస్ అంటారు. మే మొదట్లో తెరుచుకుంటుంది. మార్కులూ, ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష స్కోరూ, వ్యాసమూ, సిఫార్సు లేఖలూ ఉండగా, చదువు బయట నువ్వు ఏం చేశావో చెప్పడానికి గరిష్ఠంగా పదిహేను గళ్ళు ఇస్తారు. ఒక్కో గడిలో ఆ పని పేరు, తేదీలు, మొత్తం గంటలు, అక్కడ నిన్ను చూసిన ఒక మనిషి వివరాలు, ఆపైన నువ్వు చేసింది చెప్పడానికి ఖాళీలతో సహా 700 అక్షరాలు. వాటిలో అన్నిటికన్నా విలువైనవి అనుకున్న మూడింటి వరకు గుర్తు పెట్టి, ఒక్కోదానికి ఇంకో 1325 అక్షరాలు రాసుకోవచ్చు. టెక్సాస్‌లోని ప్రభుత్వ కాలేజీలకీ, ఆస్టియోపతిక్ వైద్యం నేర్పే డీవో కాలేజీలకీ వేరే దరఖాస్తులు, వేరే లెక్కలు. ఎంచుకోవడంలో ఉండే కష్టం మాత్రం అన్నిచోట్లా ఒకటే.

మన ఇళ్ళల్లో ఈ పదిహేను అనే అంకె పిల్లల్ని ఎంత కంగారు పెడుతోందో నేను చాలాసార్లు చూశాను. మా తరం వాళ్ళం ఎంసెట్ ర్యాంకుతో వచ్చాం. ఇప్పుడు ఇండియాలో నీట్‌కి 720 మార్కులు. ఒక అంకె నీ తలరాత తేల్చేస్తుంది. ఇంట్లో అమ్మ జ్వరంతో పడుకుంటే నువ్వు వంట చేశావా అని ఏ కౌన్సెలింగ్‌లోనూ అడగరు. అలా వచ్చిన మనకి, పదిహేను గళ్ళు కనబడగానే పదిహేనుకి పదిహేను తెచ్చుకోవాలనిపిస్తుంది. పదకొండు నింపి ఆపితే నాలుగు మార్కులు పోయినట్టు బాధపడతాం. ఆ దరఖాస్తు నడిపే సంస్థే అన్నీ నింపనక్కర్లేదని, ఎన్ని అన్నదానికంటే ఎలాంటివి అన్నది చూస్తారని చెబుతోంది. అయినా మన మనసు ఊరుకోదు. పిల్లలు కాలేజీ ఒకటో ఏడు నుంచే గళ్ళు నింపడానికి బతకడం మొదలుపెడతారు. నాకు అసలు దిగులు అక్కడే.

ఆ పిల్ల షీటు చదివాను. కెమిస్ట్రీ క్లబ్బు ఉపాధ్యక్షురాలు. రక్తదాన శిబిరంలో ఒక పూట. హాస్పిటల్లో వాలంటీరు. ల్యాబులో రెండు వేసవులు. ముగ్గురు డాక్టర్ల దగ్గర షాడోయింగ్, అంటే వెంట ఉండి వాళ్ళ పని చూడటం, మూడూ విడివిడిగా. తెలుగు సంఘం ఉగాది వేడుకల్లో రిజిస్ట్రేషన్ డెస్కు. కూచిపూడి రంగప్రవేశం. ఒక వెబినార్. ఇంకో వెబినార్. అన్నీ నిజాలే. చివరిదాకా చదివాక, నాకు తెలిసిన ఒక సంగతి మాత్రం ఎక్కడా కనబడలేదు.

"శనివారాలు మీ నానమ్మని డయాలిసిస్‌కి ఎవరు తీసుకెళ్తున్నారు?"

"నేనే ఆంటీ."

"ఎప్పట్నుంచి?"

"సెకండియర్ మొదటినుంచి. మంగళవారం, గురువారం నాన్న. శనివారం నేను."

"మరి ఇందులో లేదేం?"

తండ్రి వైపు ఒకసారి చూసి, "అది ఇంటి పని కదా ఆంటీ" అంది.

నేను అడిగితే చెప్పుకొచ్చింది. డయాలిసిస్ సెంటర్లో ఒక శనివారం నానమ్మ "వేడి చేసిందమ్మా" అంటే నర్సుకి ఈ పిల్ల ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లో చెప్పింది. నర్సు థర్మామీటర్ తెచ్చింది. జ్వరం లేదు. నానమ్మ మళ్ళీ అదే మాట. నర్సు మళ్ళీ చూసింది, లేదు. అప్పుడు ఈ పిల్లకి తట్టింది, వేడి చేయడమంటే జ్వరం కాదని. నానమ్మ నోరు తెరిపించి చూస్తే లోపలంతా పొక్కి ఉంది. రెండు రోజులుగా కారం ముట్టుకోలేక పెరుగన్నం కూడా సగంలో వదిలేస్తోందట. నర్సు వెంటనే డాక్టరుకి కబురు పెట్టింది. ఆ రోజునుంచి ఆ పిల్ల ఫోన్‌లో ఒక పట్టిక రాసుకోవడం మొదలుపెట్టింది. కాళ్ళు పీకడం, కడుపులో దేవడం, కళ్ళు తిరగడం, గుండె దడ, నీరసం. పక్కన, ఆ మాట విన్నప్పుడు నర్సు తిరిగి ఏం అడగాలో. పట్టిక ఒక పేజీ దాటాక ప్రింటు తీసి నర్సులకి ఇచ్చింది. పక్క కుర్చీలో గుంటూరు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దాయన ఒకరు ఉన్నారు. ఆయన మాట కూడా అప్పట్నుంచి కాస్త తేలిగ్గా అందుతోందట.

నేను ముప్ఫై ఏళ్ళుగా రోగుల్ని చూస్తున్నాను. ఈ పిల్ల చెప్పింది వింటూ ఉంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. రోగి మాటకీ రోగానికీ మధ్య ఉండే దూరాన్ని ఎవరూ నేర్పకుండా కనిపెట్టింది. అంత పని చేసి, కెమిస్ట్రీ క్లబ్బు రాసి, దీన్ని వదిలేసింది.

ఎందుకు వదిలేసిందో ఆలోచిస్తే నాకు ఒకటే తోచింది. సర్టిఫికెట్ ఇచ్చిన పని మనకి గుర్తుంటుంది. బాధ్యతగా చేసిన పనికి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వరు, మనమూ దాన్ని లెక్కలో వేసుకోం. ఇది ఒక్క దరఖాస్తు విషయంలోనే కాదు. నువ్వేం చేశావు అని అడిగితే మనలో చాలామంది, ఇతరులు చూసి మెచ్చుకున్నవే చెబుతాం. మనల్ని నిజంగా మార్చినవి నోటికి రావు. అందుకే ఈ జాబితా రాయడానికి కూర్చునే ముందు సర్టిఫికెట్ల ఫైలు పక్కన పెట్టమంటాను. క్యాలెండర్ తీయండి. ఫోన్లో పాత మెసేజులు, ఫొటోలు చూడండి. మీ శనివారాలు ఎక్కడికి పోయాయో అక్కడ రాసి ఉంటుంది.

తర్వాత ఒక్కో వరస మీదా వేలు పెట్టి, ఇది నా జీవితంలో జరగకపోయి ఉంటే నేను ఇప్పుడున్న మనిషిని అయ్యుండేదాన్నా అని అడగమన్నాను. ఆ పిల్ల చాలాసేపు ఏమీ అనలేదు. ముందు వెబినార్లు రెండూ తీసేసింది. రక్తదాన శిబిరం పోయింది. ఉగాది డెస్కు పోయింది. ఉపాధ్యక్ష పదవి దగ్గర ఆగి, "మూడు మీటింగులు పెట్టాం, అంతే ఆంటీ" అని అదీ తీసేసింది. షాడోయింగ్ మూడూ కలిపి ఒకే గడిలో సర్దింది. అలా సర్దడం అందరూ చేసేదే, తప్పు లేదు.

కూచిపూడి దగ్గర మాత్రం గొడవ వచ్చింది. "ఎనిమిదేళ్ళు నేర్పించాం అక్కా. రంగప్రవేశానికి హాలు, ఆర్కెస్ట్రా, చీరలు, భోజనాలు... వాళ్ళమ్మ ఎంత కష్టపడింది!" అన్నాడాయన. ఆ బాధ నాకు తెలుసు. పిల్ల మెల్లగా, "కాలేజీకి వచ్చాక గజ్జెలు కట్టలేదు నాన్నా. ఇప్పుడూ చేస్తున్నావా అని అడిగితే ఏం చెప్పను?" అంది. హైస్కూలుతో ఆగిపోయినవి మామూలుగా ఇందులో పెట్టరు. అదే నాట్యాన్ని కాలేజీలోనూ కొనసాగించి, ఆదివారాలు ఇద్దరు చిన్నపిల్లలకి అడవులు నేర్పుతూ ఉంటే, దానికో గడి ఇవ్వమని నేనే పట్టుబట్టేదాన్ని. కళలకి వేరే వర్గమే ఉంది అందులో. ఆ అమ్మ కష్టం వృథా కాలేదు. దానికి చోటు ఈ కాగితం మీద లేదు, అంతే.

జీతానికి చేసిన పనిని దాచడం మన ఇళ్ళల్లో ఇంకో అలవాటు. నాకు తెలిసిన ఒక అబ్బాయి, తండ్రి ఉద్యోగం పోయిన ఏడాది, సాయంత్రాలు ఇండియన్ రెస్టారెంట్ కౌంటర్లో నిలబడ్డాడు. "డాక్టరు అప్లికేషన్లో దోసెలు ప్యాక్ చేశానని రాస్తారా" అన్నారు ఇంట్లో. రాస్తారు. జీతానికి చేసిన ఉద్యోగానికి ఆ ఫారంలోనే ఒక వర్గం ఉంది. శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి ఆర్డరు తప్పిన కస్టమర్ ముందు గొంతు పెంచకుండా నిలబడ్డవాడు, ఎమర్జెన్సీ గదిలో రోగి బంధువుల ముందూ నిలబడగలడు. ఇంటి అద్దెలో తన వంతు ఇచ్చిన పిల్లవాడికి ల్యాబులో వాలంటీరుగా తిరగడానికి తీరిక ఎందుకు లేకపోయిందో కూడా ఆ ఒక్క గడి చెబుతుంది.

ఇక గట్టిగా చెప్పవలసింది ఇండియా ప్రయాణాల గురించి. వేసవిలో మన పిల్లలు ఊరికెళ్ళి, మేనమామ ఆసుపత్రిలోనో, తెలిసినవాళ్ళ నర్సింగ్‌హోమ్‌లోనో రెండు వారాలు ఉండి వస్తారు. చూడటానికి, నేర్చుకోవడానికి వెళ్తే చాలా మంచిది. జనరల్ వార్డులో మంచానికి ఇటూ అటూ చాపలు పరుచుకుని పడుకున్న బంధువుల్ని చూస్తే, రోగం ఒక్కరికి రాదని తెలుస్తుంది. అయితే ఒక డ్రాఫ్టులో ఒక అబ్బాయి, తాను గాయాలకి కుట్లు వేశానని గర్వంగా రాశాడు. నేను చదువుతూ ఆగిపోయాను. "ఇక్కడ నిన్ను వేయనిస్తారా?" "వేయనివ్వరు ఆంటీ." "మరి ఆ కూలి మనిషి చేతిమీద ఎందుకు వేశావు?" వాడి ముఖం వాడిపోయింది. చెడ్డవాడు కాడు. పెద్దవాళ్ళు సూది చేతికిచ్చారు, వేశాడు. ఇక్కడ చేయకూడని పనిని విద్యార్థులు బయటి దేశంలోనూ చేయకూడదని అమెరికా మెడికల్ కాలేజీల సంఘం మార్గదర్శకాలున్నాయి. అవి లేకపోయినా, అడిగే ధైర్యం లేని మనిషి ఒంటిమీద మనం చేయి తిప్పుకోవడం న్యాయమా? వాడు ఆ వాక్యం తీసేస్తానన్నాడు. ఇంటర్వ్యూలో ఆ ప్రయాణం గురించి అడిగితే జరిగింది దాచకుండా చెప్పు, ఇప్పుడు నీకేమనిపిస్తోందో అదీ చెప్పు అన్నాను.

గంటల దగ్గర కూడా పిల్లలు తెలియక చిక్కులో పడతారు. ఇంకో అబ్బాయి ఒకే వేసవికి వారానికి ల్యాబు 40, హాస్పిటల్ 20, ట్యూషన్లు 15, షాడోయింగ్ 12 గంటలని రాశాడు. ఎంక్యాట్ చదువుకి 30 అని నోటితో చెప్పాడు. మొత్తం 117. రోజుకి ఎనిమిది గంటల నిద్ర కలిపితే 173. వారంలో ఉన్నవే 168. అబద్ధమాడాలని రాయలేదు. ప్రతి పనిలోనూ బాగా ఎక్కువ చేసిన వారాన్ని తీసుకుని, దాంతో అన్ని వారాల్నీ గుణించాడు. మళ్ళీ క్యాలెండర్ పెట్టుకుని లెక్కేస్తే మూడో వంతు తగ్గింది. ఆ తగ్గిన అంకెలు వాడు ఎవరి ముందైనా తడబడకుండా చెప్పగలడు. గడిలో పేరు రాసిన మనిషికి కాలేజీవాళ్ళు ఫోన్ చేసి అడగవచ్చు. ఒకసారి దరఖాస్తు పంపాక ఈ గళ్ళల్లో రాసింది దిద్దుకునే వీలూ ఉండదు.

ఆ ఆదివారం సాయంత్రానికి ఇరవై రెండు వరసలు పదయ్యాయి. నానమ్మ శనివారాలతో పదకొండు. ఎనభై శనివారాలు, శనివారానికి ఐదు గంటలు అనుకుని 400 అని ఆ పిల్ల వేస్తే, తండ్రి ఆ అంకె వైపే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి, "పదిహేనుకి పదకొండేనా అక్కా?" అన్నాడు గానీ, ఆ గొంతులో పట్టుదల లేదు.

వెళ్ళేముందు ఆ పిల్లకి ఒక్కటి చెప్పాను. పత్రికలో పేరు వేసినట్టే ఇదీను, నానమ్మ ఒంటి సంగతి ఎవరెవరో చదువుతారు, ముందు ఆవిడని అడుగు అని.

తర్వాతి వారం ఫోన్ చేసింది. శనివారం డయాలిసిస్ నడుస్తుండగా, రాసిందంతా నానమ్మకి తెలుగులో చెప్పిందట. ఆవిడ కళ్ళు మూసుకుని విని, "రాసుకో, నాకేం" అందట. కాసేపాగి, "కానీ నేను ఏడ్చానని రాశావేమే? నేనెక్కడ ఏడ్చాను? చెప్పిందే చెప్పినా వాళ్ళకి తలకెక్కలేదని కోపం వచ్చింది నాకు" అందట.

పిల్ల ఆ కుర్చీ పక్కనే కూర్చుని, ఏడ్చింది అన్నచోట కోపం వచ్చింది అని మార్చింది.