పాల బండి వేడెక్కితే నష్టం ఎవరిది? – రేడియేటర్ సామాను కొనుగోలుపై ఒక పాఠం



పాఠం అనగానే దాణా, పచ్చిమేత, చూడి కట్టించడం, వెన్న శాతం మనకు గుర్తుకు వస్తాయి. ఈ నెల పాఠం మాత్రం పాల బండి రేడియేటర్ గురించి. సహకార తనిఖీదారునికి మోటారు సంగతులెందుకని అనుకోవద్దు. పాలు ఏ దారిలో విరిగినా ఆ నష్టం చివరకు సంఘం పుస్తకాలలోనే తేలుతుంది.

నేను తనిఖీ చేసిన ఒక సంఘంలో జరిగిన సంగతి చెబుతాను. ఆ ఊళ్లో పాలు చల్లబరచే కూలర్ లేదు. మే నెలలో ఒక సాయంత్రం, క్యానుకు 40 లీటర్ల చొప్పున 14 క్యాన్లలో 560 లీటర్ల పాలతో సంఘం బండి బయలుదేరింది. దేవరకొండ రోడ్డు మీద సగం దూరం పోయేసరికి ఇంజన్ పొగలు కక్కి ఆగిపోయింది. వేరే బండి దొరికి పాలు శీతలీకరణ కేంద్రానికి చేరేసరికి అయిదు గంటలు గడిచాయి. మరగబెట్టి చూసే పరీక్షలోనే పాలు విరిగాయి. లీటరు 45 రూపాయల లెక్కన 25,200 రూపాయలు నీళ్లపాలయ్యాయి. ఆ మొత్తాన్ని ఆ పూట పాలు పోసినవారి బిల్లులలో కోయాలని పాలకవర్గం తీర్మానించింది.

సర్వసభ్య సమావేశంలో ఒక తల్లి లేచి నన్ను అడిగింది: "సారూ, మా బర్రె పాలు మంచిగనే ఇచ్చింది. మీరు కొలిచి, పరీక్ష చేసి, బుక్కుల రాసుకున్నరు. బండి ఆగితే మా పైసలెందుకు కోస్తరు?"

ఆమె ప్రశ్నకు సమాధానం వెదకడానికి నేను వోచర్లు తిరగేశాను. నాలుగు నెలలలో మూడు వోచర్లు. మూడింటి మీదా "రేడియేటర్ సామాను" అని రెండే మాటలు. ఏ భాగం కొన్నారు, ఏ కంపెనీది, దాని నంబరు ఎంత, పాతది ఏమైంది అన్న వివరం ఎక్కడా లేదు. డ్రైవరును, మెకానిక్‌ను విడివిడిగా అడిగితే అసలు సంగతి తెలిసింది. బండికి రావలసిన మూత స్థానంలో చూడటానికి అలాగే ఉన్న వేరే మూత వేశారు. రేడియేటర్ లోపలి గొట్టాలు బోరు నీళ్ల పాచుతో సగం మూసుకుపోయాయి. నూరు రూపాయల పైచిలుకు వస్తువు దగ్గర చూపిన అశ్రద్ధ అరవై ఇళ్ల పాలను పోగొట్టింది.

ఇంజన్ ఎలా చల్లబడుతుంది?

వాటర్ పంపు నీటిని ఇంజన్ చుట్టూ తిప్పుతుంది. వేడెక్కిన నీరు పై హోస్ పైపు ద్వారా రేడియేటర్‌లోకి వచ్చి, సన్నని గొట్టాలలో దిగుతూ ఫ్యాను గాలికి చల్లబడి, కింది పైపు ద్వారా మళ్లీ ఇంజన్‌లోకి పోతుంది. ఇంజన్ తగినంత వేడెక్కేవరకు నీటిని రేడియేటర్‌కు పోనీయకుండా ఆపేది థర్మోస్టాట్.

మూత పని నీళ్లు ఒలకకుండా చూడటం మాత్రమే కాదు. అది లోపల ఒత్తిడిని నిలుపుతుంది. మామూలుగా నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. 0.9 బార్ ఒత్తిడి నిలిపే మూత ఉంటే సుమారు 118 డిగ్రీల వరకు మరగదు. ఒత్తిడి తక్కువగా ఉండే మూత వేస్తే నీరు ముందే మరిగి ఆవిరై పోతుంది. ఈ అంకె మూత మీదనే ముద్రించి ఉంటుంది. పాత మూత మీది అంకె, కొత్త మూత మీది అంకె ఒకటేనా అని చూడటానికి ఇంజనీరు అవసరం లేదు.

ఇంజన్ వేడెక్కుతున్నదని కొందరు థర్మోస్టాట్‌ను తీసి పారేస్తారు. ఇది తప్పు. ఇంజన్ ఎప్పుడూ తగిన వేడికి రాక డీజిల్ ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. కొన్ని ఇంజన్లలో వేడి నీరు రేడియేటర్‌కు పోకుండా అడ్డదారిన తిరిగి, బండి ఇంకా వేడెక్కుతుంది.

మన నీళ్లు, మన అలవాట్లు

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల బోరు నీళ్ల గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. ఫ్లోరైడ్ మన ఎముకలకు, పళ్లకు చేటు చేస్తే, రేడియేటర్‌కు చేటు చేసేది ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. చాయ్ గిన్నె అడుగున పట్టే తెల్లని పెచ్చే గొట్టాలలోనూ పడుతుంది. దానివల్ల నీటి వేడి బయటికి పోదు. అందువల్ల కంపెనీ చెప్పిన కూలెంటునే పోయాలి. కలిపి వాడే కూలెంటు అయితే బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ కలపాలి. దారిలో గత్యంతరం లేక మామూలు నీళ్లు పోసినా, తిరిగి రాగానే మార్పించాలి.

పాల సంఘాలలో మరొక అలవాటు ఉన్నది. క్యాన్లు కడిగే సోడాతో రేడియేటర్‌ను కూడా శుభ్రం చేయడం. పాతకాలపు రేడియేటర్లు రాగి, ఇత్తడితో చేసినవి. కారితే టంకం వేసి సరిచేసేవారు. ఇప్పటి బండ్లలో ఎక్కువగా అల్యూమినియం కోరు, ప్లాస్టిక్ ట్యాంకులు వస్తున్నవి. కాస్టిక్ సోడా, బట్టల సోడా అల్యూమినియంను తినివేస్తాయి.

కూలెంటులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. పశువులు, కుక్కలు నాకితే మూత్రపిండాలు చెడి చనిపోవచ్చు. సంఘం ఆవరణలో గాని, పశువులు తిరిగే చోట గాని దానిని పారబోయరాదు. పాల క్యానులో పట్టనే పట్టరాదు.

బజారులో దొరికే సామాను

సామాను కోసం మనవారు సాధారణంగా సికింద్రాబాద్ రాణీగంజ్‌కో, హయత్‌నగర్ దారిలోని ఆటోనగర్‌కో పోతారు. 65వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు నడిపేవారికి విజయవాడ ఆటోనగర్ కూడా తెలుసు. ఎక్కడైనా దొరికేది అయిదు రకాలు.

1. బండి కంపెనీ తన పేరుతో డబ్బాలో అమ్మేది.
2. బండి కంపెనీలకు సరఫరా చేసే తయారీదారు తన పేరుతో అమ్మేది. వడోదరలోని బ్యాంకో రేడియేటర్లు, 1985లో స్థాపించిన సుబ్రోస్ ఏ.సి. భాగాలు ఇటువంటివి. చాలాసార్లు ధర మొదటి రకం కంటే తగ్గుతుంది.
3. ఇతర తయారీదారులు తమ పేరుతో చేసేది. మంచిదీ ఉంటుంది, నాసిదీ ఉంటుంది. వారంటీ కాగితం చూడాలి.
4. తుక్కు బండ్ల నుండి విప్పిన పాత సామాను. హోస్ పైపులు, ఫ్యాన్ బెల్టు, మూత, థర్మోస్టాట్ పాతవి ఎన్నడూ కొనరాదు.
5. పేరున్న కంపెనీ డబ్బాను అనుకరించి అమ్మే దొంగ సామాను. ఇది 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం ప్రకారం నేరం.

మొదటి రకమే కొనాలని నేను చెప్పను. రెండవ రకం కొని సంఘం డబ్బు ఆదా చేయవచ్చు. అయితే ఏది కొన్నా పార్టు నంబరు చూసి కొనాలి. ఒకే పేరున్న బండికి తయారైన సంవత్సరాన్ని బట్టి రేడియేటర్ మారుతుంది. ఆర్.సి. నకలు, పాత భాగం రెండూ దుకాణానికి తీసుకుపోవాలి.

ఏ.సి. ఉన్న బండ్లకు మరొక జాగ్రత్త. ఏ.సి. కండెన్సర్ సాధారణంగా రేడియేటర్‌కు ముందే ఉంటుంది. దానికి దుమ్ము పడితే రేడియేటర్‌కు కూడా గాలి అందదు. 2025 అక్టోబరు 1 నుండి తయారయ్యే 3.5 టన్నులు మించిన సరుకు వాహనాలకు డ్రైవరు క్యాబిన్‌లో ఏ.సి. తప్పనిసరి అయినది. కనుక ఇకపై కొనే పాల ట్యాంకర్లకూ ఈ ఖర్చు వస్తుంది. గ్యాస్ తగ్గినదంటే ఎక్కడో కారుతున్నదన్నమాట. కారే చోటు పట్టకుండా ఏటేటా గ్యాస్ నింపించడం చిల్లి క్యానులో పాలు పోయడం వంటిదే.

సంఘం చేయవలసినవి

"బిల్లు వద్దంటే తగ్గించి ఇస్తాం" అని కొన్ని దుకాణాలలో అంటారు. 2025 సెప్టెంబరు 22 నుండి వాహనాల విడిభాగాలపై జి.ఎస్.టి. 18 శాతం. ఆ మాత్రం మిగులుతుందని ఆశపడితే వారంటీ పోతుంది, తనిఖీలో ఖర్చు అభ్యంతరానికి గురవుతుంది. బిల్లులో భాగం పేరు, కంపెనీ, పార్టు నంబరు ఉండాలి. బండి రిజిస్టరులో తేదీ, తిరిగిన కిలోమీటర్లు రాయాలి. తీసిన పాత భాగాన్ని తదుపరి పాలకవర్గ సమావేశం వరకు దాచి సభ్యులకు చూపాలి. పెద్ద భాగమైతే రెండు మూడు దుకాణాల ధరలు రాయించుకొని తీర్మానం చేయాలి.

అద్దె బండి అయితే, బండి చెడి పాలు విరిగితే నష్టం ఎవరు భరించాలో ఒప్పందంలోనే రాసుకోవాలి. ఎండాకాలానికి ముందు, ఫిబ్రవరిలోనే బెల్టు, పైపులు, మూత, కూలెంటు చూపించాలి. వేడి మీద ఉన్న రేడియేటర్ మూతను ఎవరూ తీయరాదు. ఆవిరి ముఖాన కొట్టి కళ్లు పోగలవు.

ఇక ఆ తల్లి ప్రశ్న. కొలిచి, పరీక్షించి, పాసుబుక్కులో రాసిన తరువాత ఆ పాలు సంఘానివి. దారిలో జరిగిన నష్టం పాలు పోసినవారిది కాదు. నా తనిఖీ నివేదికలో ఆ మాటే రాశాను. తదుపరి సమావేశంలో పాత తీర్మానం రద్దయింది. కోసిన డబ్బు తిరిగి చెల్లించి, నష్టాన్ని రవాణా ఖర్చు కింద చూపారు. అయితే ఆ సంవత్సరం బోనస్ తగ్గింది. అంటే చివరకు అందరూ కొంత కొంత మోశారు.

ఈ నెల సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు:

1. మన పాల బండిలో పోసేది ఏ నీరు?
2. దాని రేడియేటర్ మూత మీద ఉన్న అంకె ఎంత? ఉండవలసినది ఎంత?
3. గత సంవత్సరం వాహన వోచర్లలో పార్టు నంబరు ఉన్నవి ఎన్ని?
4. బండి ఆగితే రెండు గంటలలోపు రాగల మరొక బండి ఎవరిది?

జవాబులు మినిట్స్ పుస్తకంలో రాసి ఉంచండి. తనిఖీకి వచ్చినప్పుడు మొదట నేను అడిగేది అవే.