మానని వ్యాధి - మానరాని సేవ

వ్యాధి ముదిరి, ఇక నయము కాదని తేలినపుడు "చేయవలసినది ఏమియు లేదు, ఇంటికి తీసికొనిపొండు" అను మాట అనేక కుటుంబములకు వినవచ్చుచుండును. ఆ మాటలో సగమే సత్యము. వ్యాధిని పోగొట్టు ఉపాయము లేకపోవచ్చును గాని, బాధను తగ్గించు ఉపాయము కడవరకు ఉండును. ఈ రెండవ కార్యమునకే ఉపశమన సేవ యని పేరు. వైద్యులు దీనిని పాలియేటివ్ కేర్ అందురు. ఇది అంత్యదినములకు మాత్రమే పరిమితమైనది కాదు. కాన్సరు, మూత్రపిండముల వైఫల్యము, పక్షవాతము వంటి వ్యాధులలో చికిత్స జరుగుచుండగనే దీనిని ఆరంభింపవచ్చును. ఎంత ముందుగా ఆరంభించిన అంత మేలు.

ఈ సేవ వచ్చిన విధము

నర్సుగా పనిచేసి, పిదప వైద్యవిద్య నభ్యసించిన సిసిలీ సాండర్స్ 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించెను. రోగి బాధ శరీరమునకే చెందినది కాదనియు, మనస్సు, కుటుంబము, ఆత్మ అను మూడింటికిని అందులో భాగము కలదనియు ఆమె బోధించెను. భారతదేశమున మొదటి హాస్పిస్ అయిన శాంతి అవేదనా సదన్ 1986లో బొంబాయిలో ఏర్పడెను. 1993లో కోళిక్కోడు వైద్యకళాశాలలో ఆరంభమైన సంఘము ఈ సేవను ఆస్పత్రి నుండి రోగి గృహమునకు కొనిపోయెను. అచట ఇరుగుపొరుగువారే శిక్షణ పొంది రోగులను చూచుటకు పోవుదురు. 2008లో కేరళ ప్రభుత్వము దీనిని తన విధానముగా ప్రకటించెను.

నొప్పిని గూర్చిన భయములు

నొప్పిని ఓర్చుకొనుటయే ధర్మమని తలచి మందు అడుగని రోగులు పెక్కుమంది. 1986లో ప్రపంచ ఆరోగ్యసంస్థ కాన్సరు నొప్పికి మూడు మెట్ల క్రమమును తెలిపెను: మొదట పారాసిటమాల్ వంటివి, తరువాత కొంచెము బలమైనవి, తీవ్రమైన నొప్పికి మార్ఫిన్. నొప్పి వచ్చినపుడు గాక, వేళ తప్పక ఇచ్చుట ఇందలి ముఖ్యసూత్రము. మార్ఫిన్ అనగానే మరణము సమీపించినదనియో, వ్యసనము పట్టుననియో కుటుంబములు భయపడుచున్నవి. వైద్యుడు చెప్పిన మోతాదున నొప్పికై వాడినచో అది ప్రాణమును హరింపదు, వ్యసనమగుటయు అరుదు. అయితే దానివలన మలబద్ధకము కలుగును గనుక దానికి మందు వెంటనే అడుగవలెను. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమువలన మార్ఫిన్ దొరకుట దుర్లభమై యుండగా, 2014 నాటి సవరణ ఆ చిక్కును కొంత సడలించెను. అయినను ఇది అన్ని మందుల దుకాణములలోను దొరకదు. ఎచట దొరకునో చికిత్స చేయు వైద్యుని ముందే అడుగుట మంచిది.

మూడు మార్గములు

మొదటిది, ఇంటివారే పరిచర్య చేయుట. నర్సును కుదుర్చుకొనువారు, ఆమె శిక్షణ పొందిన నర్సో, సహాయమునకు వచ్చు ఆయాయో ముందే తెలిసికొనవలెను. సూదిమందులు, పుండ్లకు కట్లు ఆయాకు అప్పగింపరాదు.

రెండవది, వైద్యబృందము ఇంటికి వచ్చి చూచుట. ఎన్ని దినముల కొకసారి వత్తురు, రాత్రివేళ నొప్పి హెచ్చినచో ఎవరికి ఫోను చేయవలెను అను ప్రశ్నలు అడిగి వ్రాసికొనవలెను.

మూడవది, హాస్పిస్‌లో చేర్చుట. ఇంట నొప్పి అదుపు కానపుడు, చూచువారు లేనపుడు, చూచువారు అలసినపుడు ఇది తగిన మార్గము. హైదరాబాదులో స్పర్శ్ హాస్పిస్, బెంగుళూరులో కరుణాశ్రయము ఉచితముగా ఈ సేవ చేయుచున్నవి. హైదరాబాదు ఎం.ఎన్.జె. కాన్సరు ఆస్పత్రిలో ఉపశమన విభాగము కలదు. హాస్పిస్‌లో చేర్చుట తలిదండ్రులను విడిచిపెట్టుట యని నిందించుట న్యాయము కాదు. కొన్నాళ్లుంచి, నొప్పి తగ్గిన పిమ్మట ఇంటికి తెచ్చుకొనుటయు కలదు.

ఇంట పాటింపవలసినవి

కదలలేని రోగిని రెండు గంటల కొకసారి ప్రక్కకు మార్చి పండుకొనబెట్టవలెను. నడుము క్రింద, పిరుదులు, మడమల యందు చర్మము ఎఱ్ఱబారినదేమో నిత్యము చూడవలెను; పడకపుండు అచటనే మొదలగును. నోటిని దినమునకు పలుమారులు శుభ్రపరుపవలెను. అంత్యకాలమున ఆకలి తగ్గుట సహజము. బలవంతముగా తినిపించినచో మేలుకు బదులు ఆయాసము కలుగును. స్పృహ తగ్గిన రోగి నోట నీరు పోసినచో అది ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. అట్టివేళ పాదోదకము ఇయ్యదలచినవారు తడిపిన దూదితో పెదవులను అద్దిన చాలును. రోగి ఇష్టలింగమును దేహమునుండి తొలగింపరాదని క్రొత్తగా వచ్చిన నర్సుకు మొదటి దినముననే తెలుపవలెను. పలుకలేని రోగియు వినుచున్నాడని భావించియే అతని చెంత మాటలాడవలెను.

వ్యాధి సంగతిని రోగికి తెలియనీయక దాచు కుటుంబములు కలవు. రోగి అడుగనపుడు బలవంతముగా చెప్పనక్కరలేదు. అడిగినపుడు అసత్యము చెప్పరాదు. ఎచట ఉండగోరునో, ఎవరిని చూడగోరునో, ఆస్తి విషయమున ఏమి చెప్పదలచెనో తెలుపు అవకాశము అతనికి దక్కవలెను.

మఠములు చేయదగినది

పరిచర్య భారమంతయు సాధారణముగా భార్యపైననో కోడలిపైననో పడుచుండును. నెలల తరబడి నిద్రలేక ఆమెయు రోగి యగుచున్నది. మిగిలిన బంధువులు పలుకరించి పోవుటతో తృప్తిచెందక, వారమునకు రెండు పూటలైనను రోగి చెంత కూర్చుండి ఆమెకు విశ్రాంతి నీయవలెను. దాసోహము నడుపు మఠములు అట్టి గృహమునకు ఒక పూట భోజనము పంపవచ్చును. గాలిపరుపు, చక్రముల కుర్చీ, మడత మంచము కొని అవసరమున్నవారికి ఎరువీయవచ్చును. నలుగురు యువకులకు, నలుగురు స్త్రీలకు పరిచర్యలో శిక్షణ ఇప్పింపవచ్చును. వీనికి గొప్ప ధనము అక్కరలేదు. వ్యాధి మానకున్నను, నొప్పిలేని నిద్ర, శుభ్రమైన పడక, చెంత ఒక మనిషి ఉండునట్లు చూచుట ప్రతి గ్రామమునకును సాధ్యమే. కాయకమును పూజగా నెంచు సమాజమునకు ఇంతకు మించిన కాయకము లేదు.