నీళ్లు చిమ్ముకుంటూ కొండెక్కే రైలు

రైలు వంపు తిరిగేటప్పుడు కీచుమని చప్పుడు వినే ఉంటారు. చక్రపు అంచు పట్టాను ఒరుసుకోవడం వల్ల వచ్చే చప్పుడది. ఆ రాపిడికి రెండూ అరుగుతాయి. అందుకే వంపుల్లో పట్టా పక్కకు గ్రీజు పూస్తారు. జపానులోని హకోనె కొండ రైలుకు మాత్రం ఆ వీలు లేదు. ఎందుకో చూడండి.

హకోనె-యుమోతొ నుంచి గోరా దాకా దారి 8.9 కిలోమీటర్లే. 1919లో తెరిచారు, మొదటి నుంచీ కరెంటు బండ్లే. ఈ కాస్త దూరంలోనే సుమారు 445 మీటర్లు ఎక్కాలి. కొన్నిచోట్ల 1000 మీటర్లకు 80 మీటర్ల వాలు! పళ్లపట్టా లేదు. ఉక్కుకూ ఉక్కుకూ నడుమనున్న ఘర్షణే ఆధారం. అక్కడ గ్రీజు పడిందా, ఎక్కేటప్పుడు చక్రం జారుతుంది; దిగేటప్పుడు బ్రేకు పట్టదు. వంపులా, కొన్నిటి వ్యాసార్ధం 30 మీటర్లే. అందుకని బండిలోనే తొట్టి పెట్టి, వంపుల్లో పట్టాల మీదికి నీళ్లు చిమ్ముతారు. నీరు రాపిడిని కొంత తగ్గిస్తుందేగాని గ్రీజంతగా జారనివ్వదు.

కొండ మరీ నిటారుగా ఉన్న మూడుచోట్ల బండి ఆగి, వెనక్కి బయలుదేరి, వేరే పట్టా మీద పైకి పోతుంది. ప్రతిసారీ డ్రైవరు, కండక్టరు చోట్లు మార్చుకోవాలి!

దిగేటప్పుడు మామూలు బ్రేకులు చాలకపోతే, కార్బొరండం దిమ్మను నేరుగా పట్టాకే అదిమే బ్రేకు ఉంది.

2019 అక్టోబరు తుఫాను ఈ దారిని తెగ్గొట్టింది. 2020 జులైలో బండి మళ్లీ గోరా చేరింది.