ఇత్తడి పోత పోసిన రాత్రి వచ్చే చలిజ్వరం

శ్రీకాకుళం జిల్లా బుడితి పేరు చెప్పగానే ఇత్తడి చెంబులు, బిందెలు, గంటలు గుర్తుకొస్తాయి. భౌగోళిక గుర్తింపు పొందిన పని అది. నమూనా చుట్టూ తడి ఇసుక గట్టిగా దిమ్మించి, నమూనా తీసేసి, ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. చూడడానికి ముచ్చటగా ఉంటుంది. అయితే ఇంటి దగ్గర కొలిమి పెట్టుకున్న కుటుంబాలు ఒక జ్వరం గురించి తెలుసుకోవాలి.

ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. రాగి కరగడానికి 1085 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. జింకు 907 డిగ్రీలకే మరిగిపోతుంది. మూస బాగా కాగినప్పుడు లేచే తెల్లటి పొగ ఆ జింకుదే.

పొగ పీల్చినప్పుడు ఏమీ తెలియదు. మోసమంతా అక్కడే ఉంది. 4 నుండి 10 గంటలు గడిచాక నోట్లో లోహపు రుచి, గొంతు మంట, పొడి దగ్గు, ఒళ్లు నొప్పులు, ఆపైన వణుకుతో జ్వరం వస్తాయి. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. విదేశాల్లో దీనికి సోమవారం జ్వరం అని కూడా పేరు. రోజూ పొగ పీల్చే శరీరం కొంత అలవాటు పడుతుంది, ఆదివారం సెలవుతో ఆ అలవాటు పోతుంది. మనకైతే సంక్రాంతికి నాలుగు రోజులు కొలిమి ఆపి, మళ్లీ రాజేసిన రాత్రి అనుకోండి.

పాలు తాగితే విరుగుడు అని చాలామంది నమ్ముతారు. పాలు మంచివే గాని, ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన పొగను అవి కడగలేవు.

చిక్కేమిటంటే మలేరియా కూడా ఇలాగే వణికిస్తుంది. మనది మన్యం పక్కనున్న ప్రాంతం. కాబట్టి "పొగ జ్వరమేలే" అని ఇంట్లో పడుకోకండి, మలేరియా అనుకొని పరీక్ష లేకుండా షాపులో మాత్రలు కొని మింగకండి. రక్తపరీక్ష చేయించండి. ఓ.పి. చీటీ రాసేటప్పుడు ఏం పని చేస్తారని అడిగితే "కూలి" అని ఊరుకోవద్దు, "నిన్న ఇత్తడి పోత పోశాను" అని చెప్పండి. ఆ ఒక్క మాట డాక్టరు గారికి ఎంతో ఉపయోగం. ఆయాసం, ఛాతీ బిగువు ఉన్నా, రెండు రోజులు దాటినా ఆలస్యం చేయకండి.

కొలిమి ఆరుబయటే ఉండాలి. గాలి మన వీపు వైపు నుండి వీచేలా నిలబడాలి. రాగి కరిగాకే, చివర్లో జింకు వేయాలి. పైన బొగ్గుపొడి కప్పితే పొగ తగ్గుతుంది. అవసరానికి మించి కాచవద్దు. ముఖానికి కట్టుకున్న తువ్వాలు ఈ పొగను ఆపదు. ఎండిన ఇసుక దుమ్ము కూడా ఊపిరితిత్తులకు చేటే, అచ్చు విడగొట్టేటప్పుడు జాగ్రత్త.

పాత కుళాయిలు, తుక్కు ఇత్తడి కరిగించేవారికి ఇంకొక మాట. వాటిలో సీసం ఉండవచ్చు. అది జ్వరం తేదు, పిల్లల మెదడును మెల్లగా దెబ్బతీస్తుంది. గర్భిణీలను, పిల్లలను కొలిమి దగ్గరకు రానివ్వకండి. పని బట్టలు విడిచి, స్నానం చేసి, ఆ తర్వాతే బిడ్డను ఎత్తుకోండి.